బిందె మారిందని చెప్పాలి

"ఈ నీళ్లేటి, ఆసుపత్రి వాసనొస్తన్నాయి?" అంటూ మా ఆయన రమేష్‌బాబు ఒక గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

బుధవారం పొద్దున్న ఏడున్నర. గ్లాసు తీసి వాసన చూశాను. బ్లీచింగ్ వాసనే. నాకు చిరాకేసింది. ఆ వాసన రాకూడదనే కదా అంత ఏర్పాటూ చేసింది.

నెల్లిమర్లలో మా వీధి కుళాయి పొద్దున్న ఆరింటికి వచ్చి ఏడింటికి ఆగిపోతుంది. పట్టిన రోజున నీళ్లు వాసన వేస్తాయి, ఒక రోజు నిలవుంటే పోతుంది. అందుకని వంటింటి గట్టు మీద మూడు ఇత్తడి బిందెలు వరసగా పెట్టాను. ఎడమ చివరిది ఆ రోజు పట్టే నీళ్లకి. మధ్యది నిన్నటివి, తాగడానికి. కుడి చివరిది మొన్నటివి, గిన్నెలకీ పెరట్లో కరివేపాకు మొక్కకీ. రోజూ కుళాయి రాకముందే మొన్నటి బిందె ఖాళీ చేసి తోమి ఎడమ చివర పెట్టాలి, మిగతా రెండూ ఒక్కో చోటు కుడికి జరపాలి. ఏ బిందె ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేకుండా వెనక గోడకి 'ఈ రోజు', 'నిన్న', 'మొన్న' అని మూడు చీటీలు అంటించాను. ఈ పద్ధతి మొదలై అది రెండో రోజు.

వంటింట్లోకి వెళ్లి చూస్తే 'ఈ రోజు' చీటీ కింద బిందె నేను తోమి పెట్టినట్టే ఉంది. లోపల చుక్క లేదు. 'నిన్న' చీటీ కింద బిందె అంచు దాకా నిండి, పొర్లి, గట్టంతా తడిసింది. నిన్న కుళాయి తొందరగా ఆగిపోవడంతో ఆ బిందె ముప్పావు వంతే నిండింది. ఆ వెలితిలోకి మా అత్త దేముడమ్మ ఈ రోజు నీళ్లు పోసేసింది. రబ్బరు గొట్టం పట్టుకుని నీళ్లు పట్టడం ఆవిడ పని. ఆ పని ఇంకెవరినీ చెయ్యనివ్వదు.

"అత్తా, ఖాళీ బిందె ఎదురుగా ఉంటే నిండినదాన్లో పోశావేంటి?"

"ఏటి, నిండినాదా? ఎలితి ఉన్నాది. నా బిందె కదా అని పోసినాను."

"నీ బిందె?"

"సొట్ట సూడు," అంది, బిందె మెడ కింద వేలు పెట్టి. శృంగవరపుకోట నుంచి కాపురానికి వచ్చినప్పుడు బండి మీంచి జారిపడి ఏర్పడ్డ సొట్ట అది. "యాభయ్యేళ్లుగా ముందల దీన్లోనే పోస్తన్నాను. నువ్వు దాన్ని ఊరు మార్చీసి నన్నడుగుతావేటి?"

"ఊరు మార్చలేదు. జానెడు జరిపాను."

"జరిపినప్పుడు సెప్పాల."

"గోడ మీద రాసి పెట్టాను కదా."

"అదే. గోడకి సెప్పినావు, నాకు సెప్పలేదు."

కళ్లజోడు లేకుండా మా అత్త చదవలేదు. కళ్లజోడు పెట్టుకుని నీళ్లు పట్టదు, తుంపర పడుతుందని. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. అయినా నోరు ఊరుకోలేదు. "మూడు బిందెల్లో ఖాళీది ఏదో కనుక్కోడానికి చదువెందుకు?" అన్నాను.

"ఒరే బాబూ," అంది ఆవిడ కొడుకు వైపు తిరిగి, "మీ ఆవిడ కాలేజీలో సదివింది కదా, బిందెలకి కూడా హాజరు పట్టీ ఎడతాదిరా ఇంక."

"తాగడానికి నీళ్లున్నాయా లేదా?" అన్నారు ఆయన.

తాగడానికి నీళ్లు లేవు. ఆ పూటకి మొన్నటి బిందె నీళ్లే కాచి ఇచ్చాను.

ఈ గొడవంతా జరుగుతున్నంతసేపూ మా అమ్మాయి ఈశ్వరి భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చునే ఉంది. మామూలుగా అయితే మా ఇద్దరికీ మధ్య దూరి నవ్వించేది. ఆ రోజు తలెత్తలేదు.

ఈశ్వరి ఎం.సి.ఎ. చదివి, ఏడాదిగా విజయనగరంలో లీలారాణి గారి రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లు చూస్తోంది. గరివిడిలో, మా అత్త పుట్టిల్లయిన ఎస్.కోటలో, మా ఊళ్లో రక్తం తీసే సెంటర్లున్నాయి. పరీక్షలన్నీ విజయనగరంలో చేస్తారు. రిపోర్టు మనిషి ఫోనుకి వెళ్తుంది. పంపే కంప్యూటరు ల్యాబులో ఒక మూల బల్ల కింద ఉంటుంది. దానికి తెరా లేదు, మౌసూ లేదు. ఈశ్వరి ఇంటి నుంచి కూడా దానితో మాట్లాడగలదు.

ఆ కంప్యూటరు తను చేసే ప్రతి పనీ ఒక ఫైల్లో రాసుకుంటుంది. ఏ మిషను నుంచి ఏ ఫలితం వచ్చింది, ఏ ఫోనుకి ఎన్నింటికి వెళ్లింది, అన్నీ. దాన్ని లాగ్ అంటారు. మా ఆయన సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు కాబట్టి ఆయనకి చెప్పడం తేలికైంది. గంట గంటకీ రీడింగులు రాసే లాగ్‌బుక్కు లాంటిదే. తేడా ఏమిటంటే పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది, ఫైలుకి ఉండదు. ఎవరూ ఆపకపోతే డిస్కు నిండేదాకా పెరుగుతూనే ఉంటుంది. రాసుకోడానికి చోటు లేని రోజున కంప్యూటరు రిపోర్టులు పంపడం మానేస్తుంది.

మొదట్లో నెలకోసారి నిండేది. కొత్త మిషను పెట్టాక అయిదో రోజుకే నిండుతోంది. నిండినప్పుడల్లా ఈశ్వరి చేత్తో ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టేది. ఆ సోమవారం మూడోసారి ఆగింది. గరివిడి నుంచి వచ్చిన ఒక నిండు గర్భిణి రిపోర్టు కోసం డాక్టరు గది బయట మధ్యాహ్నం దాకా కూర్చోవలసి వచ్చింది. లీలారాణి గారు కేకలేసే మనిషి కాదు. ఈశ్వరిని పిలిచి కూర్చోబెట్టి చెప్పారట.

"నువ్వు మంచి పిల్లవి ఈశ్వరీ. కానీ మంచితనంతో రిపోర్టులు వెళ్లవు కదమ్మా. ఆదివారం లోపు ఇంకోసారి ఆగిందంటే, ఒకటో తారీకు నుంచి ఈ పని విశాఖపట్నం కంపెనీకి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకు."

ఆ సాయంత్రమే మా ఆయన హైదరాబాదులో ఉన్న స్నేహితుడు నారాయణమూర్తికి ఫోను చేశారు. ఆయన పనిచేసే చోట ఫోన్లెత్తి జవాబు చెప్పే ఉద్యోగం ఒకటుందట, హాస్టలు కూడా వాళ్లే చూస్తారట. ఆదివారానికల్లా మాట చెప్పాలి. ఆయన చెడు తలపెట్టి చేసింది కాదు. పిల్ల ఖాళీగా మిగిలిపోతుందేమోనని భయం. ఈశ్వరి విని ఊరుకుంది. తనకి ఈ పనే ఇష్టం. తన చేతిలో నుంచి వెళ్లిన రిపోర్టు ఎస్.కోట దాటి కొండ కింది ఊళ్లో ఎవరో తెరిచి చూసుకుంటారన్న తృప్తి తనకి ఉంది. అయితే శనివారం డిస్కు నిండితే ఆ మాట ఎవరికీ చెప్పే అవకాశం ఉండదు.

సోమవారం సాయంత్రమే ఈశ్వరి కూర్చుని ఎనిమిది పంక్తులు రాసింది. ఆ రకం కంప్యూటర్లలో ఇందుకోసమే ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది. రోజూ తెల్లవారగానే దానంతట అదే నడిచి, ఇప్పటిదాకా రాసిన ఫైలుకి 'నిన్న' అని పేరు మార్చి పక్కన పెడుతుంది. కొత్త ఖాళీ ఫైలు తెరుస్తుంది. పాతవి ఒక్కో మెట్టు వెనక్కి జరుగుతాయి. మరీ పాతవాటిని నొక్కి చిన్న మూటలు చేస్తుంది. ఏడు దాటితే చివరిదాన్ని పారేస్తుంది. కొత్త ఫైల్లో ఏమీ రాసి లేకపోతే ఆ రోజు దేన్నీ జరపదు. ఈశ్వరి ఆ పంక్తులు నాకు చదివి వినిపించింది. బిందెల పద్ధతి నాకు తట్టింది అప్పుడే. ఆ మాట మా అత్తకి చెప్పలేదు.

మంగళవారం తెల్లవారి ఫైలు పేరు మారింది. కొత్త ఫైలు వచ్చింది. ఈశ్వరి ఆ రోజు రెండు అట్లు ఎక్కువ తింది.

ఇక బుధవారం, గట్టు తుడుస్తుంటే వెనక నుంచి దాని గొంతు వినిపించింది.

"అమ్మా. సున్నా."

"ఏది సున్నా?"

"ఈ రోజు ఫైలు. ఒక్క పంక్తి లేదు. నిన్నంతా కూడా రాయలేదు."

చెయ్యి తుడుచుకుని వెళ్లి పక్కన కూర్చున్నాను. డిగ్రీలో నాకు యునిక్స్ పేపరు ఉండేది. తొంభై ఒక్క మార్కులు వచ్చాయి. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లలో దాని అవసరం ఎవరికీ రాలేదు. తెర మీద నల్లటి పలక, తెల్లటి అక్షరాలు చూస్తే మా కాలేజీ ల్యాబులో చెప్పులు బయట విడిచి కూర్చున్న మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి.

"మరి కంప్యూటరు రాయడం మానేసిందా?"

"లేదు. రిపోర్టులు వెళ్తున్నాయి. రాస్తూనే ఉంది. కానీ ఇదిగో, చూడు." వేలితో చూపించింది. 'నిన్న' అని పక్కన పెట్టిన ఫైలు మేము చూస్తుండగానే పెరుగుతోంది. "పక్కన పెట్టేసినదాన్లో రాస్తోంది. పేరు మార్చినా దానికి అర్థం కావట్లేదు. ఇలా అయితే శనివారానికి మళ్లీ నిండిపోతుంది. ఎనిమిది పంక్తులూ నాలుగుసార్లు చూశాను, తప్పు లేదు."

నేను తెర వైపే చూస్తున్నాను. ఖాళీది ఖాళీగానే ఉంది. పక్కకి జరిపినది నిండుతోంది. ఇది నేను ఈ పొద్దున్న ఇంకెక్కడో చూశాను. తల తిప్పితే వంటింటి గుమ్మంలోంచి గట్టు కనిపించింది. మా అత్త పొడిగుడ్డతో తన బిందె తుడుచుకుంటోంది, ముఖం ముడుచుకుని.

"ఈశ్వరీ, ఆ రాసే ప్రోగ్రాము ఫైలుని దేన్ని బట్టి పోల్చుకుంటుంది? పేరుని బట్టా?"

"మొదటిసారి తెరిచేటప్పుడు పేరుతోనే. తెరిచాక ఇంక పేరు చూడదు. ఆ ఫైలునే పట్టుకుని ఉంటుంది."

"అంటే సొట్టని బట్టి."

"ఏంటి?"

"పేరు మనకి. చీటీలు మనకి. దానికి కావలసింది సొట్ట. బిందె ఎక్కడికి జరిపినా ఆ సొట్ట ఉన్నదాన్లోనే పోస్తుంది. మారిందని దానికి ఎవరు చెప్పారు?"

ఈశ్వరి తన ఎనిమిది పంక్తులూ మరోసారి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "ఎవరూ చెప్పలేదు."

"నేనన్నదీ అదే కదే," అంది మా అత్త లోపల్నుంచి. ఆవిడ చెవులు కళ్లకంటే బాగా పనిచేస్తాయి. "ఇంకెవులికో కూడా గోడకే సెప్పినారేటి?"

ఈశ్వరికి ఆ వారంలో మొదటిసారి నవ్వొచ్చింది. "అవును మామ్మా. ల్యాబులో నీలాంటిదే ఒకర్తి ఉంది."

మా అత్త బిందె వదిలి వచ్చి మా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. సంగతంతా విని, కాస్త ఆలోచించి సలహా చెప్పింది. "నా బిందె నా సోటునే ఉంచీండి. అందల నీళ్లు ఏరే దాన్లోకి వొంపీసి, ఆ ఏరేదాన్ని జరుపుకోండి. నాకు పేచీ లేదు, మీకు పేచీ లేదు."

"అలాంటిది కూడా ఉంది," అంది ఈశ్వరి ఆశ్చర్యంగా. "ఫైలుని అక్కడే ఉంచి, లోపలున్నది వేరేదాన్లోకి నకలు తీసి, దీన్ని ఖాళీ చెయ్యడం. ఒకే ఒక్క మాట రాస్తే చాలు, పని అయిపోతుంది."

"వొంపేటప్పుడు కుళాయి ఆగదు కదా?" అన్నాను.

"ఆగదు. రాస్తూనే ఉంటుంది."

"మరి నకలు తీయడం అయ్యాక, ఖాళీ చేసేలోపు పడిన చుక్కలు?"

ఈశ్వరి గోరు కొరుక్కుంది. "పోతాయి. ఒకటో రెండో పంక్తులు. ఎప్పుడో ఒకసారి."

"ఆ పంక్తి ఎవరిది?"

"ఎవరిదైనా కావచ్చు. రిపోర్టు మాత్రం పోదమ్మా, వెళ్లినట్టు రాసుకున్న ఆనవాలు పోతుంది, అంతే."

"రిపోర్టు రాలేదని ఎవరైనా వచ్చి అడిగితే నువ్వు చూపించాల్సింది ఆ ఆనవాలే కదా. అయితే అది వద్దు."

"నీకు అన్నీ కచ్చితంగా ఉండాలి," అంది అది. విసుగ్గా కాదు.

"మరి నాకు సెప్పే దారి లేదా?" అంది మా అత్త. ఎవరి గురించి మాట్లాడుతోందో అప్పటికి నాకే తేడా తెలియలేదు. "మడిసి అన్నాక ఒక్క మాట సెప్తే సాలు కదా. అత్తా, బిందె మారినాది, ఇటు పొయ్యి. అంతే."

ఈశ్వరి ఆ ప్రోగ్రాముతో వచ్చిన పుస్తకం తెరిచింది. వందకి పైగా పేజీలు. నేను అన్నం వార్చి వచ్చేసరికి కూడా చదువుతూనే ఉంది. పదిన్నరకి దొరికింది. ఒక మూల, చిన్న అక్షరాల్లో. ప్రోగ్రాముకి ఫలానా సంకేతం పంపితే, పట్టుకున్న ఫైలు వదిలేసి ఆ పేరుతో ఉన్న ఫైలుని మళ్లీ తెరుస్తుంది. పేర్లు మార్చడం అయిపోగానే ఆ సంకేతం పంపమని మన ఎనిమిది పంక్తుల చివర ఇంకో మూడు చేర్చాలి.

"వెంటనే నడిపేయకు," అన్నాను. "ముందు చేత్తో ఒకసారి చెప్పి చూడు. వింటుందో లేదో తెలియాలి."

చేత్తో సంకేతం పంపింది. తెర మీద 'ఈ రోజు' ఫైలు సున్నాగానే ఉంది. ముగ్గురం చూస్తున్నాం. కుక్కర్ ఒక కూత కూసింది. సున్నా పోయి నాలుగు పంక్తులు వచ్చాయి. తర్వాత పదకొండు. పొద్దున్నే పరగడుపున రక్తం ఇచ్చినవాళ్ల ఫలితాలన్నీ ఒక్కసారిగా వస్తున్న వేళ. నలభై. 'నిన్న' ఫైలు ఉన్నచోట ఆగిపోయింది.

"ఇనిందా?" అంది మా అత్త.

"వింది మామ్మా."

తర్వాత కొత్త పంక్తులు చేర్చి, నిజంగా ఏదీ జరపకుండా ఏం జరుపుతుందో చెప్పే పద్ధతిలో ఒకసారి నడిపింది. అందులో ఒక అక్షరం తప్పు పడిందని బయటపడింది. దిద్దింది. అప్పుడు నిజంగా నడిపింది. బిందెలు జరిగాయి, ప్రోగ్రాముకి కబురు అందింది, కొత్త ఫైల్లో రాత మొదలైంది. ఈశ్వరి కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. గోడకి అంటించిన మూడు చీటీలూ పీకేశాను.

మర్నాడు పొద్దున్న ఆరింటికి ఐదు నిమిషాల ముందు మా అత్త మంచం దగ్గరికి వెళ్లాను. "అత్తా, బిందె మారింది. ఈ రోజు తలుపు పక్కనున్న దాన్లో పట్టు."

"పడతాను," అంది, అంతే. నీళ్లు సరిగ్గా పట్టింది. గురువారం నీళ్లు వాసన రాలేదు. ఫైళ్లూ వాటంతటవే జరిగాయి.

శుక్రవారం మాత్రం ఈశ్వరి నన్ను కంగారు పెట్టింది. ల్యాబులో ఇన్వర్టరు బ్యాటరీ మారుస్తున్నారట, తెల్లవారి నుంచి ఎనిమిది దాకా కంప్యూటరు ఆపేశారట. జరపాల్సిన వేళకి అసలు కంప్యూటరే లేదు. అది ఒక రోజు తప్పిపోయినట్టేనా, ఆ భారం శనివారం మీద పడుతుందా అని లెక్కలు వేస్తూ పళ్లు తోముకోవడం మర్చిపోయింది. ఎనిమిదింబావుకి కంప్యూటరు లేచింది. లేచిన కాసేపటికి, తప్పిపోయిన పని తనే గుర్తు చేసుకుని చేసేసింది. "ఆలస్యంగా లేచినా పని మానలేదు," అన్నారు మా ఆయన, కూతురి వైపు చూసి. అది నాలిక బయటపెట్టింది.

శనివారం డిస్కు సగం కూడా నిండలేదు. ఈశ్వరి ల్యాబుకి వెళ్లి సాయంత్రం ఐదింటి బస్సుకి తిరిగి వచ్చింది. ఏం జరిగిందని అడిగితే, ఏమీ జరగలేదంది. ఆ మాట చెప్పేటప్పుడు దాని ముఖం చూడాల్సింది.

ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు పెట్టాను. ఆ వాసనకి మా ఆయన పిలవకముందే వచ్చి కూర్చున్నారు. మా అత్త ముళ్లు తీసి పళ్లెం పక్కన వరసగా పేరుస్తోంది. పదకొండింటప్పుడు లీలారాణి గారి దగ్గర్నుంచి ఫోను వచ్చిన సంగతి నాకు తెలుసు. ఈశ్వరి పెరట్లోకి వెళ్లి కరివేపాకు మొక్క దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో అడగలేదు. అడగకుండా ఉండడం నాకు తేలికైన పని కాదు.

మా ఆయన రెండో వాయి అన్నం కలుపుకుంటూ అన్నారు. "నారాయణమూర్తి పొద్దున్న మెసేజ్ పెట్టాడు. సాయంత్రం లోపల ఏదో ఒకటి సెప్పాల."

ఈశ్వరి పళ్లెంలోకి చూస్తోంది. దానికి నిర్ణయం అయిపోయింది. వేళ్లు అన్నంలో ఊరికే తిరుగుతుండడం చూస్తే తెలిసిపోతోంది.

"ఏటే, లోపల్లోపల ఏటో అనుకుంటన్నావు," అంది మా అత్త. "అనుకున్నది మడుసులకి సెప్తావా, గోడకి సెప్తావా?"

ఈశ్వరి తలెత్తి నవ్వింది. ముందు మామ్మ వైపు, తర్వాత నా వైపు, చివరికి వాళ్ల నాన్న వైపు చూసింది.

"మీకే చెప్తన్నాను. నాన్నా, నేను హైదరాబాదు వెళ్లట్లేదు. గరివిడిలోనూ ఎస్.కోటలోనూ మిషన్లు పెడుతున్నారట, ఆ కంప్యూటర్లు కూడా నన్నే చూడమన్నారు లీలారాణి గారు. చూస్తానన్నాను. ఒకటో తారీకు నుంచి మంగళవారాలు గరివిడి, గురువారాలు ఎస్.కోట."

మా ఆయన చేతిలో ముద్దని ఇంకోసారి కలిపారు. తర్వాత నోట్లో పెట్టుకుని, నమిలి, నీళ్లు తాగి, గ్లాసులోకి ఒకసారి చూసుకుని పక్కన పెట్టారు.

"సరే, నారాయణమూర్తికి నాను సెప్తాను," అన్నారు.